ముప్ఫై లెక్కపెట్టేలోగా

ఒక్కో ఇంటికి ఒక్కో ఆచారం. కొందరింట్లో అమావాస్యనాడు ప్రయాణం కట్టరు. కొందరింట్లో తుమ్మితే గడప దాటరు. వరహాలమ్మ ఇంట్లో ఆచారం ఇది: ఉరిమితే రేడియో తీగ పీకి కిటికీలోంచి అవతలికి విసిరెయ్యాలి. మెరుపు కనపడగానే ఒకటీ, రెండూ, మూడూ అని లెక్కపెట్టుకోవాలి. ముప్ఫై దాటాక ఉరిమితే పిడుగు ఇంకా దూరాన ఉన్నట్టు. ముప్ఫై లోపే ఉరిమిందా, చేతిలో అన్నం ముద్ద ఉన్నా వదిలేసి తీగ పీకాలి. ఆ లెక్క నేర్పింది ఆమె భర్త లోకనాథం. నేర్చుకున్నది పొల్లుపోకుండా పాటించింది వరహాలమ్మ. పాటించినందుకే పంతొమ్మిదేళ్ళుగా లోపల్లోపల కుమిలిపోతోంది.

లోకనాథం రేవులో వైర్‌లెస్ ఉద్యోగం చేసేవాడు. పొద్దంతా అదే పని చేసి సాయంత్రం ఇంటికొచ్చి మళ్ళీ అదే పని. సర్కారు దగ్గర లైసెన్సు తీసుకుని, ఇంట్లోనే సొంత రేడియో కట్టుకుని, ముక్కూ మొహం తెలియని మనుషులతో ముచ్చట్లాడే పిచ్చి కొందరికి ఉంటుంది. హామ్ రేడియో అంటారు దాన్ని. ఆ పిచ్చి ఆయనకి నిలువెల్లా. నోటితో మాట్లాడేది తక్కువ, తంతి ఆఫీసులోలా మీట నొక్కి టకటకలతో మాట్లాడేది ఎక్కువ. గాలివానలో గొంతు చేరని చోటికి కూడా టకటక చేరుతుందనేవాడు. ఇంగ్లీషు అక్షరాల టకటకల్లో తెలుగు మాటలు కొట్టేవాడు.

వరహాలమ్మ చదువు రెండో తరగతితో సరి. ఇంగ్లీషు అక్షరం ఎదుట పెడితే ఏది తలో ఏది తోకో చెప్పలేదు. కానీ వంటింట్లో పప్పు మెదుపుతూ, ఏళ్ళ తరబడి ఆ చప్పుళ్ళు వినీ వినీ, ఒకరోజు ఉన్నట్టుండి "అలాగేటి, జోగారావు మేష్టారికి జొరం తగ్గిందా?" అని అడిగింది. లోకనాథం మీట మీద వేలు అలాగే ఉంచి నోరు తెరిచాడట. పొరుగింటావిడ రుబ్బురోలు తిప్పే తీరుని బట్టి ఎవరో చెప్పగలం కదా, అలాగే ఏ చేతివాటం ఎవరిదో ఆమె చెప్పేసేది. మాట చివర చప్పుడుని కాస్త సాగదీసి వదలడం లోకనాథం చేతివాటం. వెళ్ళలేక వెళ్ళే మనిషి గుమ్మంలో ఆగినట్టుంటుంది.

పంతొమ్మిదేళ్ళ కిందట కార్తీకంలో తుఫాను పట్టింది. ఫోన్లు పోయాయి. సముద్రం ఒడ్డున పేటల్లో జనం ఉన్నారో పోయారో తెలియలేదు. లోకనాథం జీపులో బ్యాటరీ రేడియో వేసుకుని, పేటలన్నీ కనిపించే కాకులకొండ ఎక్కాడు. అక్కణ్ణించి ఆయన కొడితే, భీమిలిలో ఇంటి దగ్గర వరహాలమ్మ విని, విన్నానని తనూ మీట కొట్టి, గోనెపట్టా కప్పుకుని తాలూకా ఆఫీసుకి పరిగెత్తి చెప్పేది. కాగితం మీద పెట్టడం రాదు. బతికున్నవాళ్ళ పేర్లు అరవై వరసగా నోటికి అప్పజెప్పింది. ఆఫీసరుగారు "ఇంకోసారి చెప్పమ్మా" అంటే ఒక్క పేరు అటూ ఇటూ కాకుండా మళ్ళీ చెప్పింది. విజయనగరంలో ఉన్న తోటి హామ్ జోగారావు మేష్టారి రేడియో గడ మూడు గంటలకే కూలిపోయింది. ఆ తర్వాత కొండమీద మాట వినే చెవి వరహాలమ్మదొక్కటే. సరిగ్గా నాలుగింటికి మెరిసింది. ఇరవైకే ఉరిమింది. ఆమె తీగ పీకి బయటికి విసిరేసింది.

లోకమంతటికీ తీగ పీకమని చెప్పిన మనిషి మాత్రం తన తీగ పీకలేదు. పిడుగు గడ మీదే పడింది. పేట జనం కొండెక్కేసరికి వేలు మీట మీదే ఉందట.

అదీ వరహాలమ్మ గుండెలో ములుకు. నాలుగింటి తర్వాత ఆయన ఏం కొట్టాడు? ఎవరి కోసం కొట్టాడు? ఉన్నావా, ఉన్నావా అని పిలిచాడా? పిలిస్తే పలకనిది తనే కదా.

*

కూతురు నూకరత్నం తండ్రి పిచ్చినే ఇంకో దారిన పట్టుకుంది. విశాఖలో ఓ కాలేజీ ప్రయోగశాలలో పని. టకటకలు నేర్చుకోలేదు, "ఈ కాలంలో అవెందుకమ్మా" అనేది. కానీ ఆకాశాన్ని విడిచిపెట్టలేదు. మనం పైకి పంపిన మాటల్లో కొన్ని కిందికీ దిగక, అవతలికీ పోక, ఆకాశం పొరల్లో ఇరుక్కుపోతాయని కనిపెట్టింది. పెనానికి అట్టు ముక్క అంటుకున్నట్టన్న మాట. వాటిని గీకి కిందికి దించడానికి ఒక పెట్టె కట్టింది. దానికి ఏదో నోరు తిరగని పేరు పెట్టింది. వరహాలమ్మ దాన్ని వడపెట్టె అంది, ఆ పేరే నిలిచిపోయింది.

ఇంటి డాబా మీద పెట్టె పెట్టి, పద్నాలుగు నెలలు రోజూ సాయంత్రం దాని ముల్లు ఎంత కదిలిందో పుస్తకంలో రాసుకుంది రత్నం. వినే పని పెట్టుకోలేదు. ముల్లు కదిలితే చాలు, సిద్ధాంతం నిజమైనట్టే.

ఒకనాడు ఏదో గుర్రుమనే చప్పుడు ఎక్కణ్ణించో చూద్దామని పెట్టెకి చిన్న స్పీకరు తగిలించింది. అదే వేళకి వరహాలమ్మ వడియాలు తీయడానికి డాబా ఎక్కింది. ముల్లు కదిలింది. స్పీకర్లోంచి సన్నగా, బావి అడుగునుంచి వచ్చినట్టు టకటక. వరహాలమ్మ వడియాల చేట చంకలోనే పెట్టుకుని నిలబడిపోయింది.

"ఏటమ్మా, అలాగైపోనావు?"

"మీ నాన్న."

"ఏటి?"

"'మా ఆవిడ గోంగూర తాలింపెట్టింది, వాసన కొట్టీసింది, రెండు నిమిషాలాగు జోగారావ్' అంటన్నాడు."

చివరి చప్పుడు కాస్త సాగి ఆగిపోయింది. ముల్లు పడిపోయింది. మర్నాడు లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు.

మూడో రోజు రత్నం తన పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుని ఏడ్చింది. అందులో అంకెలు తేల్చింది ఇదీ: పంపిన చోటే దిగుతుంది ఇరుక్కున్న మాట. పంపిన వేళకే దిగుతుంది. ఒక్కసారే దిగుతుంది, దిగాక ఇక ఉండదు. ఆ డాబా మీద దిగినవి మరెవరి మాటలు? పద్నాలుగు నెలల పాటు తండ్రి సాయంత్రాలన్నీ ఒక్కొక్కటే దించి, వినకుండా, ముల్లుకి మేపేసింది.

"నాన్న ఇంట్లోంచి మాట్లాడినవన్నీ పారబోసీసానమ్మా. మూడు వేల పైచిలుకు."

వరహాలమ్మ ఏమనాలి? తిడితే పిల్ల కుంగిపోతుంది. తిట్టకపోతే తన కడుపు మండిపోతుంది. చివరికి, "ఊరుకోయే. గోంగూర మాట దక్కింది కదా," అంది. మళ్ళీ తనే అడిగింది. "ఇంట్లోంచి కొట్టినవి ఇంటిమీద దిగితే, మరి కొండమీంచి కొట్టినవి?"

*

అలా మొదలైంది బండి కట్టే పని.

వడపెట్టెకి ఒక చిక్కుంది. మనసైనప్పుడల్లా దించదు. ఇంటి దగ్గరైతే ఒకేచోట ఏళ్ళ తరబడి కొట్టిన మాటలు, పొర దళసరిగా ఉంది కాబట్టి ఊరికే రాలాయి. కొండమీద ఒక్కరోజు కొట్టినవి రాలాలంటే పైపొర బాగా కుదపాలి. ఏడాదికోసారి, కార్తీకంలోనే, శని ఆదివారాలు కలిపి ప్రపంచంలోని హాములంతా ఒకేసారి రేడియోల మీద పడతారు. ఎవరు ఎక్కువమందిని పలకరిస్తే వాళ్ళు గెలిచినట్టు. ఆ రెండు రోజుల గోల ఆకాశాన్ని చింతచెట్టుని దులిపినట్టు దులిపేస్తుంది.

జోగారావు మేష్టారికి కబురు పెట్టారు. డెబ్భై రెండేళ్ళ మనిషి, లెక్కల పంతులుగా రిటైరయ్యాడు. ఈ పోటీ అంటే చెవి కోసుకుంటాడు గానీ ఎప్పుడూ గెలవలేదు. విషయమంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "బండిలోంచి మాట్లాడేవాళ్ళకి వేరే వరస ఉంది వదినా. అందులో పోటీ తక్కువ. గెలిచీగలం," అన్నాడు.

"నీ గెలుపు గోల నీకు. నాకు ఆదివారం నాలుగ్గంటలకి కొండమీద ఉండాలంతే."

"ఆ గంటా నేను మైకు ముట్టుకోకూడదు కదా, పెట్టె చెడిపోతుంది?"

"ముట్టుకోకూడదు మావయ్యా," అంది రత్నం. "మూడున్నర నించి నాలుగున్నర దాకా."

"పోటీలో అదే మంచి టైమమ్మా!"

"గంటసేపు నోరు మూసుకోవడం," అంది వరహాలమ్మ, "మీ ఆవిడ నలభై ఏళ్ళుగా చేయించలేని పని. ఈ పెట్టె చేయించిందంటే ఆవిడ దీనికి పూజ చేస్తుంది."

బండికి మేష్టారి అల్లుడి చేపల వ్యాను దొరికింది. నాలుగుసార్లు సబ్బుతో, రెండుసార్లు చింతపండుతో కడిగినా నీచు పోలేదు. మూడో చుట్టు చింతపండు నానేస్తుంటే వరహాలమ్మ ఒగ్గెయ్యమంది. "సముద్రం ఒడ్డున పుట్టి నీచుకి ముక్కు మూసుకుంటే ఎలాగ?" డబ్బా గోడల మందానికి వాన చప్పుడు లోపలికి రాదని మేష్టారు సంతోషపడ్డాడు. గడకి రెండు వెదుళ్ళు ఒకదాన్లోకి ఒకటి దోపి, వల తాడుతో మూడు వైపులా కట్టాలనుకున్నారు. లారీ బ్యాటరీలు మూడు. జనరేటరు వద్దంది రత్నం, దాని కరకర పెట్టెలోకి దూరుతుందట. భూమిలోకి దిగ్గొట్టే ఇనప కడ్డీ చుట్టూ పొయ్యడానికి ఉప్పునీళ్ళు కావాలన్నారు. రెండు డబ్బాలు సముద్రంలోంచి తనే ముంచి తెచ్చింది వరహాలమ్మ. రాళ్ళ కొండమీద మామూలు నీళ్ళు పోస్తే పనికిరాదని లోకనాథం ఎప్పుడో అన్నాడు, ఆమెకి గుర్తుంది.

తిండి సంగతి ఎవరూ రాసుకోలేదు. ఆమె రాయకుండానే సర్దింది: చోడి అంబలికి పిండి, ఉల్లిపాయలు, ఎండుమిరపకాయలు, బెల్లం గవ్వలు.

"ఈసారైనా అందరికీ అయిదు తొమ్మిది ఇస్తావా మేష్టారూ?" అని అడిగింది గవ్వలు డబ్బాలో పోస్తూ.

మేష్టారు నవ్వాడు. అదో పాత ముచ్చట. హాములు ఒకరికొకరు ఎలా వినిపిస్తున్నారో అంకెల్లో చెప్పుకుంటారు. మొదటి అంకె మాట ఎంత తేటగా ఉందో, అయిదుకి. రెండోది ఎంత గట్టిగా ఉందో, తొమ్మిదికి. పోటీలో మాత్రం ఎవరికీ తీరిక ఉండదు. వినపడీ వినపడకపోయినా అందరికీ అయిదు తొమ్మిది అనేసి ముందుకి పోతారు. లోకనాథం పోడు. "నీది మూడు రెండు" అని చెప్పి, ఎందుకలా ఉందో, నీ తీగెక్కడ తెగిందో అని అవతలివాడితో అరగంట మాట్లాడేవాడు.

"వాడి నిజాయితీ వల్ల మేమిద్దరం ప్రతి ఏడూ ఆఖరున వచ్చేవాళ్ళం," అన్నాడు మేష్టారు. "పోటీలో అబద్ధమాడరా బాబూ అంటే, విననిది విన్నాననెలా చెప్తాన్రా అనేవాడు."

శుక్రవారం సాయంత్రం సామాను వ్యాన్లోకి ఎక్కించాక, అరుగు మీద చతికిలబడింది వరహాలమ్మ. రత్నం పక్కన కూర్చుంది.

"భయంగా ఉందేటమ్మా?"

"ఇన్నాళ్ళూ ఆయన మాట ఒకటి బాకీ ఉంది కదాని బతికీసాను. ఎల్లుండి వినీసాననుకో. ఇంక ఆయన నాతో చెప్పేది ఉండదు కదే."

"వద్దంటే మానీద్దాం."

"మానీడానికి కాదు. ఊరికే చెప్పాను." లేచి కొంగు దులుపుకుంది. "ఆ కడ్డీ ఎక్కించావా?"

*

శనివారమంతా మేష్టారు కొండమీద వ్యాన్లో కూర్చుని అరిచాడు. ఆదివారం మధ్యాహ్నానికి రెండు వందల పన్నెండు మందికి అయిదు తొమ్మిది ఇచ్చేశాడు. గొంతు బొంగురుపోయింది. "ఇంకో ముప్ఫై దొరికితే మనమే," అన్నాడు. సరిగ్గా మూడున్నరకి మైకు తీసి బెల్లం గవ్వల డబ్బాలో పెట్టి మూతపెట్టాడు. మళ్ళీ తీయబుద్ధి పుట్టకూడదని.

రత్నం వడపెట్టె బిగించింది. వరహాలమ్మ చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుంది. ముందున్న బల్ల మీద మీట. లోకనాథానిదే, ఇన్నాళ్ళూ దేవుడి గూట్లో ఉంది. తనెందుకు తెచ్చిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. వ్యాను తలుపులోంచి కింద పేట, పేట అవతల సముద్రం కనిపిస్తున్నాయి. సముద్రం మీద ఒక నల్లటి మబ్బు.

నాలుగు కావస్తుండగా ముల్లు కదిలింది.

మొదట చీమ నడిచినట్టుంది. తర్వాత చప్పుళ్ళు విడివడ్డాయి. వరహాలమ్మ కళ్ళు మూసుకుని పైకి చెప్పడం మొదలుపెట్టింది.

"'కిందపేట జనం బడిలోకి చేరీసారు. అందరూ ఉన్నారు. ముసలి గంగమ్మ మేకతో సహా ఉంది.'"

మేష్టారు ఫక్కున నవ్వబోయి ఏడ్చేశాడు.

సముద్రం మీద మెరిసింది. వరహాలమ్మ పెదవులు ఆగలేదు గానీ ఒడిలో వేళ్ళు లెక్కపెట్టడం మొదలెట్టాయి. ఏళ్ళనాటి అలవాటు, దానిపాటికది నడుస్తుంది. నలభై రెండుకి ఉరిమింది.

"'వరాలూ, పలకడం లేదు నువ్వు.'"

రత్నం తల్లి భుజం పట్టుకుంది. హెడ్‌ఫోన్లో చప్పుడు సాగింది, ఆగింది, మళ్ళీ మొదలైంది. మబ్బు ఇటే వస్తోంది. మళ్ళీ మెరుపు. ముప్ఫై ఆరు.

"అమ్మా, దగ్గరికొచ్చీస్తంది."

"ఉండే! 'నాలుగైంది. మీ వైపు ఉరుమి ఉంటుంది. తీగ పీకీసుంటావు.'" ఊపిరి తీసుకుంది. "'మంచి పని చేసావు. మళ్ళీ తగిలించకు. నేను చెప్పింది ఒక్కటైనా విన్నావు.'"

పంతొమ్మిదేళ్ళుగా వరహాలమ్మ ఆయన పిలిచి పిలిచి అలిసిపోయాడనుకుంది. ఆయనకి తెలుసు. వినదని తెలిసే కొట్టాడు.

"'ఊరికే కొడతన్నాను. ఒక్కణ్ణీ ఉంటే చెయ్యి ఊరుకోదు. నేనెలా వినపడతన్నానో చెప్పు.'"

తర్వాత ఒక పొడుగు, ఒక పొట్టి, ఒక పొడుగు. ఇక నీ వంతు అని అర్థం. ఆఖరిది కాస్త సాగింది. నిశ్శబ్దం. ఆ రోజు ఆమె జవాబు కోసం ఆయన ఆగిన నిశ్శబ్దం, ఉన్నదున్నట్టుగా, చెవుల్లోకి దిగుతోంది.

వరహాలమ్మ మీట దగ్గరికి లాక్కుంది.

"వదినా, అది పాతది. వాడికి చేరదు," అన్నాడు మేష్టారు మెల్లగా.

"అడిగాడు కదా."

మేష్టారు రేడియో మీట వైపు తిప్పి, పెట్టె చెడకుండా దాని జోరు అట్టడుక్కి తగ్గించి, పక్కనే నిలబడ్డాడు. ఆమె వేలు తడబడలేదు. అయిదు పొట్టి చప్పుళ్ళు. తర్వాత ఒక పొట్టి, నాలుగు పొడుగు.

"తిరగేసి కొట్టీసావు వదినా," అన్నాడు మేష్టారు, లెక్కల పంతులు కదా, ఉండబట్టలేక. "తొమ్మిదంటే నాలుగు పొడుగులయ్యాక పొట్టి. నువ్వు కొట్టింది ఒకటి. అయిదు ఒకటి."

"తిరగెయ్యలేదు. ఆయనకి నేను అబద్ధం చెప్తానేటి? ప్రతి మాటా తేటగా ఉంది. బలమే లేదు."

మేష్టారు తల వంచుకుని పోటీ పుస్తకం తీశాడు. రెండు వందల పన్నెండో గీత కింద లోకనాథం లైసెన్సు మీది పిలుపు గుర్తు రాశాడు, టైము రాశాడు, అయిదు ఒకటి అని రాశాడు. "పోటీవాళ్ళు కొట్టేస్తారు దీన్ని," అన్నాడు.

"కొట్టీనీ."

ఆ మాట పూర్తవకముందే హెడ్‌ఫోన్లో మళ్ళీ టకటక మొదలైంది. ఆమె జవాబు విన్నట్టే, ఇదుగో చెప్తాను విను అన్నట్టే. వరహాలమ్మ ముందుకి వంగింది. మొదటి అక్షరం వచ్చింది. రెండోది వచ్చింది.

మెరిసింది. ఈసారి వ్యాను లోపలంతా తెల్లబడింది.

ఒకటి, రెండు, మూడు. మూడో అక్షరం. పది, పదకొండు. రత్నం చెయ్యి తీగ దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. తండ్రి మాటలు మూడు వేలు పారబోసిన చెయ్యి అది, మరొకటి పారబొయ్యడానికి రాలేదు. ఇరవై, ఇరవై ఒకటి. ఇంకా కొడుతూనే ఉన్నాడాయన. ఇరవై ఆరు.

కొండ అదిరేలా ఉరిమింది.

వరహాలమ్మ హెడ్‌ఫోను తీసి బల్లమీద పెట్టింది. లేచి, తీగ పట్టుకుని ఒక్క గుంజు గుంజి, తలుపులోంచి రాళ్ళ మీదికి విసిరేసింది. ముల్లు చప్పున పడిపోయింది.

"అమ్మా! ఇంకా చెప్తన్నాడు కదే నాన్న!"

"చెప్పనీ. దించకపోతే పైనే ఉంటుందన్నావు కదా?"

రత్నం కళ్ళు తుడుచుకుని తలూపింది. "ఉంటుంది."

"ఉండనీ మరి. ఇంకా ఏదో చెప్పాలి ఆయన నాతో." వాన చినుకులు మొదలయ్యాయి. వరహాలమ్మ గవ్వల డబ్బా మూత తీసి, మైకు మేష్టారి చేతిలో పెట్టి, ఒక గవ్వ నోట్లో వేసుకుంది. "తలుపేసుకోండి. కొండకి ఈవైపు ఉరుములు పోయేదాకా ఎవరూ తీగ ముట్టుకోకండి."